డాక్టరమ్మను అడగండి: ఈసారి అన్నీ ఫెస్ట్ ఉత్తరాలే

ఫాల్గుణం వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మామూలు నెలల్లో "ఫిజియాలజీకి ఏ పుస్తకం మంచిది", "సప్లీ వస్తే పీజీకి అడ్డమా" అని అడుగుతారు. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కాలేజ్ డే, స్పోర్ట్స్ మీట్, ఇంటర్‌మెడిక్స్ (మెడికల్ కాలేజీల మధ్య పోటీలు), రక్తదాన శిబిరం, ఫేర్‌వెల్ తప్ప మరో మాట ఉండదు. ఫిజియాలజీ పాఠాలతో పాటు కల్చరల్ కమిటీ, కొన్నాళ్లు లేడీస్ హాస్టల్ కూడా చూసుకున్నాను కాబట్టి ఈ గొడవలన్నీ నాకు కొత్త కాదు. నిజం చెప్పాలంటే రిటైరయ్యాక నాకు బెంగగా ఉన్నది క్లాసుల మీద కాదు, ఈ గొడవల మీదే.

ఉత్తరాలు రాసినవాళ్లలో సగం మంది "మా యూనివర్సిటీ క్యాంపస్‌లో" అన్నారు. వాళ్లలో ఎందరు ఆ యూనివర్సిటీ గేటు చూశారో మరి! విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో పుట్టింది. పరీక్షలు పెడుతుంది, డిగ్రీలిస్తుంది. కాలేజీలు మాత్రం శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా చెదిరి ఉన్నాయి. తెలంగాణ పిల్లలకు వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయమూ అంతే. హాల్ టికెట్ మీద, మార్కుల జాబితా మీద తప్ప యూనివర్సిటీ కనబడదు. అందుకే ఎవరి కాలేజీలో వాళ్లు జరుపుకునే ఈ నాలుగు రోజుల సందడే పిల్లలకు క్యాంపస్.

ప్రశ్న: ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్. కాలేజ్ డేకి గ్రూప్ డాన్స్‌లో ఉన్నాను. రిహార్సల్స్ మధ్యాహ్నం రెండింటికి పెడుతున్నారు. అదే టైముకి ప్రాక్టికల్స్. సీనియర్ అక్కలు "ఏం కాదు, అటెండెన్స్ తర్వాత చూసుకోవచ్చు" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, కాకినాడ

అమ్మాయ్, "తర్వాత చూసుకోవచ్చు" అన్న అక్కల్ని ఒక్క మాట అడుగు: ఎవరు చూసుకుంటారు? థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలని నేషనల్ మెడికల్ కమిషన్ రూలు. అంటే థియరీలో నాలుగింట ఒకటి పోయినా బతుకుతావు, ప్రాక్టికల్స్‌లో ఐదింట ఒకటి మించి పోకూడదు. ఆ ఒకటీ జ్వరానికో, అక్క పెళ్లికో దాచుకోవాలి. డాన్సుకి ఖర్చు పెట్టేస్తే ఏప్రిల్లో కామెర్లొచ్చిందంటే దిక్కుండదు.

హాజరు కంటే పెద్ద చిక్కు లాగ్‌బుక్. ఇప్పుడు ప్రతి నైపుణ్యానికీ టీచర్ల ఎదుట చేసి చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఆ రోజు నీ బ్యాచ్ హిమోగ్లోబిన్ పరీక్ష చేసేస్తే, నీ ఒక్కదాని కోసం రసాయనాలు, గొట్టాలు మళ్లీ బయటికి తీయాలి. తీస్తారు, కానీ మొహం మాడ్చుకుని తీస్తారు.

రిహార్సల్ సాయంత్రం ఐదున్నరకి మార్చమని అడగండి. నువ్వొక్కదానివీ వెళ్లొద్దు, డాన్సులో ఉన్న ఫస్ట్ ఇయర్ పిల్లలంతా కలిసి కల్చరల్ ఇన్‌ఛార్జి మేడం దగ్గరికి వెళ్లండి. రెండింటికి ఎందుకు పెట్టారో నాకు తెలుసు. అప్పుడు ఆడిటోరియం ఖాళీగా ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, ఫైనల్ ఇయర్ వాళ్లకి పోస్టింగ్ అయిపోతుంది. అదంతా వాళ్ల సుఖం. నీ సుఖం కూడా చూడమని అడగడంలో తప్పులేదు. డాన్స్ మాత్రం మానకు. 2019లో వచ్చిన పాఠ్యప్రణాళికలో ఆటలకీ, సాంస్కృతిక కార్యక్రమాలకీ గంటలు రాసి మరీ పెట్టారు. మీ టైం టేబుల్లో ఆ గంటలు ఎక్కడున్నాయో ఓసారి వెతుకు.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మా కాలేజీ, మెడికల్ కాలేజీ ఒకే కాంపౌండ్‌లో ఉన్నాయి. ఫెస్ట్ వస్తే మమ్మల్ని స్వాగతం పలకడానికీ, ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గర కూర్చోడానికీ పిలుస్తారు. స్టేజీ మీద ఒక్క ఐటం ఇవ్వరు. పోయినేడు మా ఫ్రెండ్స్ ఈసారి వెళ్లొద్దనుకున్నారు. మేడం, అడిగితే అతి అవుతుందా?
– గుంటూరు జిల్లా నుంచి

అతి కాదమ్మా, అడక్కపోతేనే నాకు కోపం వస్తుంది.

స్వాగతం అంటే ఏంటో నేను చూశాను. ఒకే రంగు చీరలు, జడల్లో కనకాంబరాలు, పన్నీరు బుడ్డి, చేతిలో గంధం గిన్నె. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తాడు. అప్పటిదాకా ఆ పిల్లలు మెట్ల మీద ఎండలో నిలబడాలి. ఆయన లోపలికి వెళ్లాక వాళ్లకి కుర్చీ దొరకదు.

ముందు నీకు తెలిసిన ఒక లెక్కని నీ మెడికల్ కాలేజీ స్నేహితులకు చెప్పు, వాళ్లకి తెలీదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మీకు పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు కావాలి. కానీ డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగుల్లో నూటికి నూరు శాతం పూర్తి చెయ్యాలి. అంటే ఎంబీబీఎస్ కుర్రాడు ఫెస్ట్ పేరుతో వార్డు ఎగ్గొడితే శాతంలో కలిసిపోతుంది. నువ్వు ఎగ్గొట్టిన పూట మాత్రం మళ్లీ వచ్చి చేయాల్సిందే. ఫెస్ట్ తేదీలు మెడికోల తీరికని బట్టి పెడతారు కాబట్టి నర్సింగ్ పిల్లలు రాలేకపోతారు. రాలేదు కాబట్టి "వాళ్లకి ఆసక్తి లేదు" అంటారు. ఏళ్ల తరబడి ఇదే తంతు.

నేను కమిటీలో ఉన్న ఒక ఏడాది స్కిట్ పోటీకి కాలేజీల వారీ జట్లు తీసేయించాను. చీటీలు వేశాం. ఒక్కో జట్టులో ఒక ఎంబీబీఎస్, ఒక నర్సింగ్, ఒక ఫిజియోథెరపీ, ఒక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. మొదటి రోజు ఎవరి మొహంలోనూ కళ లేదు. "మేడం, మా గ్యాంగ్ మాకు సెట్ అయింది" అని అబ్బాయిలు, "వాళ్లు మా మాట వినరు" అని అమ్మాయిలు. నేను వినలేదు.

అందులో ఒక జట్టు క్యాజువాలిటీ (అత్యవసర విభాగం) మీద స్కిట్ వేసింది. బస్టాండ్‌లో కుప్పకూలిన ముసలాయన్ని తీసుకొస్తారు. డాక్టర్ వేషంలో ఉన్న థర్డ్ ఇయర్ కుర్రాడు సినిమా హీరోలాగా ఛాతీ మీద నొక్కడం మొదలెట్టాడు, మోచేతులు వంచి, నడుం ఊపుతూ. స్క్రిప్టులో లేని మాట ఒకటి నర్సు వేషంలో ఉన్న నర్సింగ్ అమ్మాయి నోట్లోంచి వచ్చేసింది: "మోచేతులు వంచకండి సార్, అది పిండి పిసకడం కాదు!" హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల ఆగలేదు. అతన్ని పక్కకి జరిపి, చేతులు నిటారుగా పెట్టి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్ల వేగంతో, ఐదారు సెంటీమీటర్ల లోతు దిగేలా ఎలా నొక్కాలో పైకి లెక్కపెడుతూ చేసి చూపించింది. కింద పడుకున్న "ముసలాయన" నిజంగానే "చచ్చిపోతానమ్మా" అని లేచి కూర్చున్నాడు. (బతికున్నవాళ్ల మీద నిజంగా నొక్కకూడదు, దిండు పెట్టుకోండని తర్వాత నేను అందరికీ క్లాసు పీకాను.) ఆ కుర్రాడు మర్నాడు స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ దగ్గర కనిపించాడు. ఆ అమ్మాయి పక్కన నిలబడి లెక్కపెడుతోంది.

వార్డులో ఈ ఇద్దరూ రోజూ ఎదురుపడతారు. కానీ అక్కడ ఆమె అతన్ని "మోచేతులు వంచకండి" అనగలదా? అనలేదు. స్టేజీ మీద ఒకసారి అన్నది కాబట్టి ఇక ముందు అనగలదేమో. నేను ఫెస్ట్‌ని వెనకేసుకొచ్చేది ఇందుకే, పాటల పోటీల కోసం కాదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. మీ నర్సింగ్ ప్రిన్సిపాల్ గారి చేత మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాయించు. రెండూ వేర్వేరు సంస్థలు, మీరు నోటితో అడిగింది గాలికి పోతుంది. కమిటీలో మీ వాళ్లు ఇద్దరు ఉండాలని, తేదీలు ఖరారు చేసేముందు మీ పోస్టింగ్ షెడ్యూల్ చూడాలని, స్టేజీ మీద మీకు సొంత సమయం ఇవ్వాలని అందులో ఉండాలి. "స్వాగతం" గురించి కూడా ఒక వాక్యం రాయించు: అన్ని కోర్సుల పిల్లలూ, అబ్బాయిలతో సహా, వంతులవారీగా నిలబడాలి. పన్నీరు చల్లడానికి మగపిల్లల చేతులు కూడా పనికొస్తాయి. వెళ్లొద్దని అలిగి కూర్చోవడం మాత్రం నాకు నచ్చదు. మే 12న నర్సుల దినోత్సవం మీ పండగ ఎలాగూ ఉంది. దానికి మెడికోలని పిలవండి, గంధం గిన్నె వాళ్ల చేతికివ్వండి.

ప్రశ్న: సిగ్గుగా ఉంది మేడం. మా కాలేజీ రక్తదాన శిబిరంలో అందరి ముందూ కళ్లు తిరిగి పడిపోయాను. బెడ్ మీద కాదు, నా వంతు ఇంకా రాకముందే, పక్కవాడి సంచి నిండటం చూస్తూ. ఇప్పుడు అందరూ "డాక్టర్ సాబ్ పడ్డాడ్రోయ్" అని ఏడిపిస్తున్నారు. సర్జన్ అవ్వాలన్నది నా కోరిక. వదిలెయ్యాలా?
– సెకండ్ ఇయర్ విద్యార్థి, వరంగల్

బాబూ, మా ఫిజియాలజీ ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు పడేవారు. హిమోగ్లోబిన్ చూసే ప్రాక్టికల్ గుర్తుందా? సాహ్లీ గొట్టంలో పలచటి యాసిడ్ పోసి, ఎవరి వేలు వాళ్లు లాన్సెట్‌తో గుచ్చుకుని, సన్నటి పిపెట్‌లోకి 0.02 మిల్లీలీటర్ల రక్తం పీల్చాలి. యాసిడ్ తగలగానే అది గోధుమరంగుకి తిరుగుతుంది, దాన్ని చుక్క చుక్కగా నీళ్లతో పలచన చేసి పక్క గాజు రంగుతో పోల్చాలి. పనంతా కలిపి ఒక్క బొట్టు రక్తం. అయినా ఆరడుగుల వాలీబాల్ ఆటగాడు కూడా స్టూలు మీంచి జారిపోయిన సందర్భం ఉంది. వాళ్లలో ఒకరు ఇప్పుడు ఎముకల సర్జన్, రంపం పట్టుకుని తుంటి కీళ్లు మారుస్తున్నాడు.

అది పిరికితనం కాదు, నాడుల పని. పాముని చూస్తే గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, పరిగెత్తుతావు. అందుకే పాముని చూసి మూర్ఛపోయేవాళ్లు తక్కువ. రక్తం విషయంలో మాత్రం కొందరికి కథ రెండు అంకాలుగా నడుస్తుంది. మొదట గుండె వేగం కాస్త పెరుగుతుంది. తర్వాత ఒక్కసారిగా వేగస్ నాడి పట్టు బిగించి గుండెని నెమ్మదింపజేస్తుంది. అదే సమయంలో రక్తనాళాలు సడలిపోతాయి, రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. నిలబడి ఉన్న మనిషి తలకి అందాల్సింది అందదు. చెమట, ఆవలింత, చెవుల్లో హోరు, కళ్ల ముందు మసక, ఆపైన నేల. నువ్వు చూస్తూ నిలబడ్డావు. అదే దెబ్బ తీసింది. కూర్చుని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ పొద్దున టిఫిన్ తిన్నావా? శిబిరం రోజు హాస్టల్ కుర్రాళ్లలో చాలామంది తినరు. రాత్రి రెండింటిదాకా డెకరేషన్, పొద్దున ఎనిమిదికి లేవడం, "అక్కడ ఎలాగూ జ్యూస్, బిస్కెట్లు ఇస్తారుగా" అనుకోవడం. ఖాళీ కడుపు, నిద్రలేమి, మొదటిసారి, చిన్న వయసు: ఇవన్నీ కలిస్తే పడటానికి ముహూర్తం కుదిరినట్టే.

మళ్లీ వెళ్లాలనుకుంటే ఇలా వెళ్లు. ముందు రాత్రి నిద్రపో. పొద్దున ఇడ్లీలు తిను. సూది గుచ్చే అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగు. బెడ్ మీద పడుకున్నాక కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి, తొడలు, పిరుదులు, పొట్ట కండరాలు బిగపట్టి వదులుతూ ఉండు. ఊపిరి మాత్రం బిగపట్టకు. కండరాలు బిగిస్తే కాళ్లలో రక్తం పైకి నెట్టుకొస్తుంది, బీపీ పడిపోదు. ఇదే పని ఆపరేషన్ థియేటర్లో మొదటిసారి నిలబడ్డప్పుడూ చెయ్యి, మాస్కు కింద ఎవరికీ తెలీదు. చూసేకొద్దీ అలవాటు పడతావు. మొదట ఫోటోలు, తర్వాత దూరం నుంచి డ్రెస్సింగ్, తర్వాత దగ్గర్నుంచి కుట్లు. వదిలెయ్యాల్సింది సర్జరీని కాదు, ఖాళీ కడుపుని.

నిన్ను ఏడిపిస్తున్న వాళ్లని ఒకటి అడుగు: నువ్వు పడ్డప్పుడు ఏం చేశారు? చుట్టూ మూగి, లేపి కూర్చోబెట్టి, నోట్లో నీళ్లు పోశారా? అలా చేసి ఉంటే పరీక్షలో సున్నా. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తాలి, గాలి ఆడనివ్వాలి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో ఏమీ పొయ్యకూడదు.

ప్రశ్న: శిబిరంలో నా హిమోగ్లోబిన్ 11.8 అని వెనక్కి పంపేశారు. నాకేం నీరసంగా లేదే!
– ఫార్మ్-డి విద్యార్థిని, తిరుపతి

దానం చెయ్యాలంటే 12.5 ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు. ఆడవాళ్లకి 12 కంటే తక్కువైతే అది రక్తహీనతే, కొద్దిగా అయినా. నెమ్మదిగా తగ్గినప్పుడు ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది, నీరసం తెలీదు. మెడిసిన్ ఓపీలో చూపించుకో, నీ అంతట నువ్వు మాత్రలు కొనుక్కోవద్దు. భోజనం చెయ్యగానే టీ తాగే అలవాటుంటే గంట, రెండు గంటలు వెనక్కి జరుపు, ఆహారంలోని ఇనుముని అది ఒంటికి పట్టనివ్వదు. ఆ శిబిరం వల్ల మొదట లాభపడింది నువ్వే అనుకో.

ప్రశ్న: అయ్యా/అమ్మా, మా వాడు ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. ఫెస్టుకి మూడు వేలు కావాలని ఫోన్ చేశాడు. ఇచ్చాం. పది రోజులకి మళ్లీ రెండు వేలు. గట్టిగా అడిగితే సీనియర్లు తలా ఇంత అని వేశారట, ఇవ్వకపోతే బాగోదట. నేను కౌలు రైతుని. ఇది కాలేజీ వసూలు చేసేదా, పిల్లలు వసూలు చేసేదా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

అన్నగారూ, కాలేజీ వసూలు చేసేదైతే రసీదు ఉంటుంది. రసీదు అడగండి. రసీదు లేదంటే అది పిల్లల వసూలు.

ఇష్టపడి చందా వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. "ఇవ్వకపోతే బాగోదు" అన్న మాట వచ్చాక అది చందా కాదు. 2009 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లో ర్యాగింగ్ అంటే ఏమిటో చెప్పేచోట జూనియర్ల చేత బలవంతంగా ఖర్చు పెట్టించడం కూడా స్పష్టంగా రాసి ఉంది. ఆ ఏడాది మార్చిలో హిమాచల్‌లో ఒక మెడికల్ విద్యార్థి సీనియర్ల దెబ్బలకి చనిపోయాకే ఇవన్నీ బిగించారు. మన రాష్ట్రంలో అంతకుముందే, 1997లోనే, ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. మెడికల్ కమిషన్ 2021లో విడిగా తన నిబంధనలూ తెచ్చింది.

మీరు భయపడుతున్నది నాకు అర్థమవుతోంది: ఫిర్యాదు చేస్తే పిల్లాడు హాస్టల్లో ఒంటరి అవుతాడని. అందుకే పేరు బయటపెట్టకుండా మొదలెట్టండి. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. దానికంటే ముందు వార్డెన్‌కి మీరే ఫోన్ చేసి "ఫెస్ట్ చందా ఎంత? ఎవరికి కట్టాలి? రసీదు ఎవరిస్తారు?" అని మామూలుగా, ఏమీ తెలియనట్టు అడగండి. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు ఇలాంటి ఫోన్ ఒక్కటి వస్తే చాలు, సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద "రసీదు లేని వసూళ్లు నిషేధం" అని కాగితం అంటించేదాన్ని. ఎవరి తండ్రి ఫోన్ చేశారో ఎవరికీ తెలిసేది కాదు. ఇక మీవాడి మీద కోప్పడకండి. మిమ్మల్ని రెండోసారి అడగడానికి వాడు ఆ పది రోజులూ ఎంత నలిగాడో!

ప్రశ్న: నా రూమ్మేట్ రాజస్థాన్ అమ్మాయి, ఆలిండియా కోటాలో వచ్చింది. తెలుగు రాదు. మా ప్రోగ్రాముల్లో ఎందులోనూ కలవదు, గదిలో ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. ఎలా కలుపుకోవాలి?
– విశాఖపట్నం నుంచి

నూటికి పదిహేను సీట్లు ఆ కోటావే కాబట్టి ప్రతి ప్రభుత్వ కాలేజీలోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. సగం మంది మొదటి ఏడాది పచ్చడి మెతుకులు చూసే ఏడుస్తారు.

హోలీ దగ్గర మొదలుపెట్టండి. మనకది కాముని పున్నమి. కొన్ని ఊళ్లలో పిల్లలు జాజిరి ఆడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు, మిగతా చోట్ల పెద్ద పట్టింపు లేదు. ఆ అమ్మాయికి అది సొంత పండగ. ఆ రోజు ఏం చెయ్యాలో ఆమెనే చెప్పమనండి, మీరు వినండి. (రంగులు హాస్టల్ పెరట్లోనే. ఆస్పత్రి కాంపౌండ్‌లోకి రంగు చేతులతో వచ్చినవాళ్లని నేను గేటు దగ్గరే ఆపేదాన్ని. వార్డులో కుట్లు ఆరనివాళ్లు ఉంటారు.) ఆ తర్వాత పదిహేను రోజులకి ఉగాది. మెస్‌లో పచ్చడి చేసేటప్పుడు వేపపువ్వు రెబ్బలు దూసే పని ఆమెకివ్వండి, మీరు పక్కనే కూర్చోండి. చేతికి పని ఉంటే నోరు విడుతుంది.

ఫెస్ట్‌లో పాటకీ డాన్సుకీ భాష అక్కర్లేదని చాలామంది అటే తోస్తారు. నేనైతే స్కిట్‌లో వేస్తాను. మార్వాడీ తప్ప ఏదీ రాని పేషెంట్ వేషం, ఎదుట తెలుగు తప్ప ఏదీ రాని హౌస్ సర్జన్ (చదువు ముగించి ఆస్పత్రిలో శిక్షణలో ఉన్న డాక్టరు). కడుపు నొప్పి ఎక్కడో చెప్పడానికి ఆ అమ్మాయి పడే తిప్పలు నవ్వు తెప్పిస్తాయి. నిజానికి రోజూ వార్డులో ఆమె పడేవి అవే, పాత్రలు తారుమారు అంతే. డైలాగుల కోసమైనా తెలుగు నేర్చుకుంటుంది. చోడవరం నుంచి వచ్చిన ముసలమ్మని "ఎప్పటి నుంచి ఆయాసం" అని అడగాలంటే ఆమెకి అది కావాలి మరి.

ప్రశ్న: మార్చి 24 క్షయ దినోత్సవానికి ప్రతి ఏడూ ర్యాలీ. బ్యానరు పట్టుకుని కలెక్టరేట్ దాకా నడుస్తాం, ఫోటో దిగుతాం, వస్తాం. ఎవరూ చదవరు. ఏదైనా మంచి ఐడియా చెప్పండి.
– కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్‌లో ఉన్న బ్యాచ్, కర్నూలు

మీ మాటతో ఏకీభవిస్తాను. బ్యానర్ మీద బెర్లిన్‌లో 1882లో కాక్ గారు క్రిమిని ప్రకటించిన సంగతి రాస్తారు, కింద ముగ్గురు అధికారుల పేర్లు రాస్తారు. దగ్గుతున్న మనిషికి ఏం కావాలో అది ఉండదు.

పొద్దున తొమ్మిదిన్నరకి ఓపీ చీటీల వరుస దగ్గరికి వెళ్లండి. జనం గంటసేపు కదలకుండా నిలబడే చోటు అదే. మీకు వేరే ప్రేక్షకులు అక్కర్లేదు. ఆరు నిమిషాల వీధి నాటకం చాలు, మైకు వద్దు. మొగుడు రెండు వారాలుగా దగ్గుతున్నాడు, బీడీ దగ్గు అంటాడు. పెళ్లాం తెమడ పరీక్షకి లాక్కొస్తుంది. పరీక్ష ఉచితం, మందులు ఉచితం, వైద్యం జరిగినన్నాళ్లూ పోషణకి నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. రెండో నెలకి దగ్గు తగ్గిపోతుంది, మందులు అటకెక్కుతాయి. నాటకంలో కొట్లాట అక్కడ పెట్టండి, ఎందుకంటే నిజంగా జబ్బు ముదిరేది అక్కడే. మామూలు క్షయకి ఆరు నెలలు పూర్తిగా మింగాలి. పెళ్లాం పాత్ర గట్టి గొంతు ఉన్న అమ్మాయికివ్వండి. అయిపోగానే వరుసలో ఒక్కరైనా "మా ఆయనక్కూడా బాబూ..." అని మీ దగ్గరికి వస్తారు. గది నంబరు తెలిసి ఉండాలి మీకు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దిగబెట్టి రండి.

ప్రశ్న: మా క్రికెట్ టీం ఇంటర్‌మెడిక్స్‌కి వెళ్తోంది. మ్యాచులు ఏప్రిల్లో, అదీ మధ్యాహ్నం. టిప్స్ చెప్పండి.
– కెప్టెన్, రంగంపేట

బ్యాటింగ్ టిప్స్ నా దగ్గర లేవు, చెమట గురించి చెబుతాను. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటికి చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అందుకని ఇప్పటి నుంచే రోజూ కాసేపు ఎండలో ప్రాక్టీస్ చెయ్యండి, చివరి రోజు ఒక్కసారిగా వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ పోసుకుని తాగే హీరోలను చూశాను, అది మందు కాదు, ఉప్పు కషాయం. ఫీల్డింగ్‌లో ఎవడైనా పొంతన లేకుండా మాట్లాడితే జోకనుకోకండి. నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనివ్వండి, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. మొదటి మ్యాచ్ పొద్దున ఆరున్నరకి పెట్టమని నిర్వాహకుల్ని అన్ని కాలేజీల కెప్టెన్లూ కలిసి అడగొచ్చు. అడిగారా?

ప్రశ్న: హౌస్ సర్జన్ని. ఫెస్ట్ ఆఖరి రాత్రి నాకు క్యాజువాలిటీ డ్యూటీ పడింది. ఇదే నా చివరి ఫెస్ట్. మార్చుకుందామంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు.
– అనంతపురం

ఒప్పుకోరు నాయనా, వాళ్లకీ చివరిదే. బాధపడకు, ఫెస్టే నీ దగ్గరికి వస్తుంది. డాన్సులో కాలు మడతపడ్డ వాడు, చీరకి పెట్టిన పిన్నీసు వేలికి దిగిన అమ్మాయి, అరిచి అరిచి గొంతు పోయిన యాంకర్, మెస్ బిర్యానీ తిని కడుపు పట్టుకున్న నలుగురు. ప్రైజులు ఎవరికొచ్చాయో అందరికంటే ముందు నీకే తెలుస్తుంది. పీజీ పరీక్ష పుస్తకం వెంట తీసుకెళ్లు, కానీ తెరుస్తావని నాకు నమ్మకం లేదు.

ప్రశ్న: మాది తెలుగు మీడియం. ఫేర్‌వెల్‌కి యాంకరింగ్ చెయ్యమన్నారు. ఇంగ్లీషులో చెయ్యాలా?
– నల్గొండ

తెలుగులో చెయ్యి. పేర్లు మాత్రం తప్పు పలక్కు. ప్రతి సీనియర్ పేరూ ముందురోజు వాళ్లనే అడిగి కాగితం మీద రాసుకో. ప్రిన్సిపాల్ గారి డిగ్రీలన్నీ చదవక్కర్లేదు, రెండు చాలు.

ప్రశ్న: ఫెస్ట్ టీషర్టు మీద పుర్రె బొమ్మ వేయించాలని మా డిజైన్ టీం. బాగుంటుందా?
– కాకినాడ నుంచే

బాగుంటుంది, బయట తిరగడానికి. ఆ టీషర్టుతో వార్డులోకి వెళ్తే పేషెంట్ బంధువులు మిమ్మల్ని తరుముతారు. గుండె బొమ్మ వెయ్యండి. వేసేముందు బృహద్ధమని ఏ గదిలోంచి బయల్దేరుతుందో ఒకసారి సరిచూసుకోండి. తప్పుగా ముద్రించిన టీషర్టులు వేసుకుని వైవాకి (నోటి పరీక్షకి) వచ్చిన బ్యాచ్ ఒకటి నాకు గుర్తుంది, ఎగ్జామినర్ గారు ప్రశ్నలన్నీ వాళ్ల ఛాతీ మీంచే అడిగారు.